గడ్డిమంట మీద గిటార్

ముందే చెప్పేస్తున్నాను. నాకు ముప్పై నాలుగేళ్లు, పెళ్లి చేసుకోలేదు, గిటార్ కొనుక్కున్నాను. మొదటి రెండింటికీ అలవాటు పడిపోయిన మా కాలనీ జనం మూడోదాన్ని మాత్రం మింగలేకపోయారు. "గీ వయసుల గిదేం పిచ్చే మనోజా?" అని అడగని మనిషి లేడు. అందరికీ ఒకటే జవాబు చెప్పాను.

"నా పిచ్చి, నా పైసలు. నీకేం నొప్పి?"

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఒక ల్యాబులో పని చేస్తాను. పొద్దున ఆరు నుంచి రెండు దాకా వచ్చినవాళ్లకు వచ్చినట్టు సూది గుచ్చి రక్తం తీయడమే. గిటార్ తుర్కయాంజాల్‌లో దొరికింది. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఒకామె ఫోన్లో ఫొటో పెట్టింది. ఎర్ర రంగు ఎలక్ట్రిక్ గిటార్, ఉన్నవాటిలో అన్నిటికన్నా చవక రకం. దానితోపాటు ఒక సంచి, ఒక వైరు, వంకర తిరిగిన చిన్న తాళంచెవి ఇచ్చి, "సౌండ్ బాక్సు వేరే కొనాలక్కా" అంది. తర్వాత చూద్దాం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకా రాలేదు. షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెస్తుంటే పక్కనున్న పెద్దమనిషి, "ఇస్త్రీ బల్లనా అమ్మా?" అని అడిగాడు.

ఎనిమిది నెలలు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వేళ్ల కొసలు పచ్చిపుండ్లయ్యాయి. రోజుకు నలభై మందిని "ఏం గాదు, చీమ కుట్టినట్టుంటది" అని బుజ్జగించే నేను, ఇంటికొచ్చి నా వేళ్లు చూసుకొని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అన్ని తీగలనూ ఒక్క వేలితో అదిమిపట్టే పట్టు ఒకటుంది. అది మూడు నెలలు నన్ను ఏడిపించింది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, కానీ వదల్లేదు.

మా బాపు ఎల్లయ్య ఒక్కడే నన్ను ఏమీ అనలేదు. గడప మీద కూర్చొని వినేవాడు. బాపు ఒకప్పుడు డప్పు కొట్టేవాడు. కందుకూరు దాకా పెళ్లికైనా చావుకైనా ఆయన చెయ్యి పడందే జనం కదిలేవాళ్లు కాదు. బాప్తిస్మం తీసుకున్న ఏడాది సంఘపెద్ద రత్నాకర్ "డప్పు విగ్రహాల పని, వదిలెయ్" అంటే, మారుమాట్లాడకుండా వదిలేశాడు. అప్పుడు నాకు పదేళ్లు. తలుచుకుంటే ఈరోజుకీ మండుతుంది.

ఆ రత్నాకరే ఇప్పటికీ సంఘపెద్ద. ఆయనకు టెంట్ హౌసుంది. మా ప్రార్థన మందిరంలో మైకులు, బాక్సులు అన్నీ ఆయనవే. ఆదివారం పాటలకు గిటార్ వాయిస్తానని అడిగితే పాస్టర్ సరే అన్నాడు, రత్నాకర్ అడ్డం పడ్డాడు. మా మందిరంలో ఆడవాళ్లు పాడతారు, చప్పట్లు కొడతారు, వాయిద్యం ముట్టరు. అది ఎక్కడ రాసుందో ఎవరికీ తెలియదు. నేను రెండు నెలలు వెంటపడ్డాను. నా పోరు పడలేక చివరికి రత్నాకర్ అందరి ముందూ ఒక షరతు పెట్టాడు.

"ఒక్క పాట. సురువు నుంచి ఆఖరి దాక ఆగకుండ వాయించాలె. నడుమ ఆగినవంటే మల్ల గీ మందిరంల ఏ ఆడిపిల్ల వాయిద్యం ముట్టొద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న. ఆగకపోతే?"

"ఆగకపోతే ప్రతి వారం వాయించుకో, ఎవరొద్దంటరు?"

అది ఆగస్టు. మూడు రోజులుగా ముసురు పట్టింది. మర్నాడు మందిరంలో వాయించాలనగా, శనివారం పొద్దున డ్యూటీకి పోతూ మీటి చూస్తే తీగలు శ్రుతి దిగి ఉన్నాయి. "బాపూ, వానకు గిటార్ దిగింది. వచ్చినంక సూస్త" అని చెప్పి పోయాను. నేను చేసిన తప్పు అదొక్కటే.

రెండున్నరకు తిరిగొచ్చేసరికి పెరట్లో పొగ. రేకుల కింద బాపు ఎండుగడ్డి మంట వేసుకొని, నా గిటార్‌ను రెండు చేతులా పట్టుకొని, దాని ముఖం మంట వైపు పెట్టి నిదానంగా అటూ ఇటూ తిప్పుతున్నాడు. మధ్యమధ్య వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని వింటున్నాడు. వానకు మెత్తబడిన డప్పును మంటకు కాస్తే తోలు బిగుసుకుంటుంది, ఖంగున మోగుతుంది. నలభై ఏళ్ల కింద ఆయన నేర్చిన విద్య అది.

"బాపూ!" అని నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

లాక్కొని చూశాను. ఎర్ర రంగు బొబ్బలెక్కింది. తెల్ల ప్లాస్టిక్ పలక అప్పడంలా పైకి లేచింది. మెడ ముందుకు వంగి తీగలు వేలు మందం ఎత్తున నిలబడ్డాయి.

"ఏం జేసినవ్ బాపూ? గిది డప్పా, కాస్తే బిగుస్తానికి? నాశనం జేసినవ్ గదా! రేపు ఏం వాయించాలె, నా తలకాయనా?"

బాపు చేతులు గాల్లోనే ఉండిపోయాయి. "వానకు దిగిందంటివి గద బిడ్డా. రేపు నీకు జర మంచిగ మోగాలెనని..." అన్నాడు. మంటకు దగ్గరగా వంగి కూర్చున్నాడేమో, కనుబొమ్మలు కూడా కాలి ఉన్నాయి. నాకు పట్టరాని కోపం, దాని వెనకే ఏడుపు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఆ మనిషి ఒక వాయిద్యాన్ని చేతిలోకి తీసుకున్నాడు, అదీ నా కోసం. ఇంకేమని తిట్టను?

"సరే తియ్. గట్టిగ పట్టుకో" అన్నాను.

మెడ లోపల దాని వంపు సరిచేసే ఇనుప చువ్వ ఒకటుంటుంది. వీడియో చూసి, ఆ వంకర తాళంచెవి దానికి పెట్టి కొంచెం కొంచెంగా తిప్పాను. బాపు ఒక కన్ను మూసి మెడ వంపు చూస్తూ, "ఇంకింత... ఇంకింత... బస్" అన్నాడు. ఆరు తీగల్లో నాలుగు దారికొచ్చాయి. లావు తీగలు రెండూ గరగరమంటూ మొండికేశాయి. వాటిని పీకి పారేశాను. పొద్దుగూకే దాకా నాలుగు తీగల మీదే ఆ పాటను మళ్లీ మొదటినుంచీ నేర్చుకున్నాను.

"కాలినదాన్ని తీస్కపోతే నవ్వుతరేమో బిడ్డా" అన్నాడు బాపు.

"నవ్వనీ."

ఆదివారం మందిరం నిండింది. సంచి విప్పగానే రత్నాకర్ కళ్లు బొబ్బల మీద పడ్డాయి.

"ఏందిది? ఎవలు కాల్చిన్రు?"

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. మగవాళ్ల వైపు మూడో వరుసలో బాపు తల దించుకొని కూర్చున్నాడు.

"మా బాపు కాచిండు. వానకు దిగిందని డప్పు కాచినట్టు కాచిండు" అన్నాను, మైకులోనే.

నవ్వులు లేచాయి. రత్నాకర్ కూడా నవ్వాడు. "ఏమయ్యా ఎల్లయ్యా, ఇన్నేండ్లయినా నీ డప్పు బుద్ధి పోలేదా?"

బాపు ఇంకా ముడుచుకుపోయాడు. నాకు ఒళ్లు భగ్గుమంది.

"ఎందుకు పోవాలె అన్నా? నీ లగ్గానికి కొట్టింది గూడ ఆ చెయ్యే గద. తెల్లారేదాక ఎగిరినవంట, మా అమ్మ చెప్పేది. నవ్వేటోళ్లు నవ్వుండ్రి, నేను వాయిస్త."

నవ్వులు ఆగిపోయాయి. వైరు గుచ్చి మొదలుపెట్టాను. నాలుగు తీగలే అయినా బాక్సులోంచి నిండుగా వచ్చింది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఒకచోట వేలు జారి తప్పు స్వరం పడింది. పడనీ అనుకున్నాను, ఆగలేదు. మొదటి చరణం దాటేసరికి మగవాళ్లు కూడా చప్పట్లు కొడుతున్నారు. అది రత్నాకర్‌కు నచ్చలేదు. లేచి, "చప్పుడు ఎక్కువైంది" అంటూ బాక్సు దగ్గరికి పోయి వైరు పీకేశాడు.

గిటార్ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. ఏమైందో తెలియక జనం పాట ఆపేశారు. బాక్సు లేకపోతే ఎలక్ట్రిక్ గిటార్ చప్పుడు నాలుగడుగుల దూరం కూడా పోదు.

"ఆగింది. అయిపాయె" అన్నాడు రత్నాకర్.

"ఆగలే అన్నా. నీకు ఇనబడ్తలేదంతే."

నా వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఇక్కడ ఆపితే ఓడేది నేనొక్కదాన్నే కాదు. ముందు వరుసలో పాటల పుస్తకం పట్టుకొని కూర్చున్న ఆడపిల్లలందరూ నా వేళ్లనే చూస్తున్నారు.

వెనకనుంచి బుగ్గమ్మ లేచింది. ఎనభై దాటిన మనిషి, మందిరంలో అందరికన్నా పెద్దది, చెవులు సగమే పనిచేస్తాయి. తన చాప చుట్టి చంకలో పెట్టుకొని, అందరినీ తోసుకుంటూ నడిచొచ్చి, నా కాళ్ల దగ్గర పరుచుకొని కూర్చుంది.

"ఆ, ఇప్పుడు ఇనబడ్తుంది. కానియ్ బిడ్డా" అంది.

ఆమె వెనక ఇంకో ఇద్దరు. తర్వాత ఆడవాళ్లందరూ చాపలు ఈడ్చుకుంటూ ముందుకొచ్చారు. ఆ వెనకే మగవాళ్లు. బాపు కూడా వచ్చి బుగ్గమ్మ పక్కన చోటు చేసుకున్నాడు, ఈసారి తల పైకెత్తి. నోరు తెరిస్తే నా తీగలు వినబడవని ఒక్కరూ పాడలేదు, ఒక్కరూ దగ్గలేదు. ఊపిరంత సన్నని ఆ చప్పుడును మందిరమంతా ముందుకు వంగి వింటోంది.

వైరు చేతిలో పట్టుకొని గోడ దగ్గర మిగిలింది రత్నాకర్ ఒక్కడే. ఆయన ముఖంలోకి చూస్తూ, ఆఖరి చరణం ఆఖరి మాట దాకా వాయించాను.