కొత్త పాటలకే చెవులు

ఇనుప గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే మేస్త్రి యాభై తొమ్మిదో ఏట, భార్య పోరు పడలేక, చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆయన్ని ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలన్నారు. మొదట్లో బాగానే నొక్కాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. అద్దం అవతల నుంచి భార్యా కోడలూ తనవంకే చూస్తున్నారు. బడిలో ఎక్కం మరిచిపోయిన పిల్లాడికి పట్టినట్టు ఆయనకు చెమటలు పట్టాయి. ఏదైతే అదయిందని ఒకసారి నొక్కాడు. కాసేపాగి మళ్ళీ నొక్కాడు.

డాక్టరమ్మ తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"మేస్త్రిగారూ, నేను శబ్దం పంపకుండానే నొక్కుతున్నారు."

ఆయన తల దించుకున్నాడు.

బయట బల్ల మీద కాగితం పరిచి ఆవిడ విడమరిచి చెప్పింది. దానిమీద ఆయన వినికిడి గీత ఎడమవైపు బాగానే మొదలై, కుడివైపు పోయేకొద్దీ మెట్లు దిగినట్టు దిగిపోయింది. ముప్పై అయిదేళ్ళ గ్రైండరూ సుత్తీ కొంత తినేశాయి. పుట్టుకతో వచ్చిన నరాల బలహీనత మిగతాది తింటోంది. సన్నటి శబ్దాలు ముందు పోతాయి. పోయినవి తిరిగి రావు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు మేస్త్రి.

"ఏడాది పట్టొచ్చు. రెండేళ్ళూ పట్టొచ్చు."

"మిషను పెడితేనో?" అంది భార్య.

"మాటలు కొంతవరకు తెలుస్తాయమ్మా. పాటలు మాత్రం..." డాక్టరమ్మ ఆగింది.

"రేకు మీద కంకర పోసినట్టుంటాయా?" అన్నాడు మేస్త్రి.

"దాదాపు అంతే."

మేస్త్రి పాటంటే చెవి కోసుకునే మనిషి. గ్రైండరు మోతలో ఒక్క ముక్క వినపడకపోయినా వర్క్‌షాపులో రేడియో మోగుతూనే ఉండాలి. అయితే ఆయన పాటలన్నీ ఆయన పడుచువయసు నాటివి. ఆ తర్వాత వచ్చిందంతా గోల అని ఏనాడో తీర్మానించేశాడు. ఆ విషయంలో భార్యాభర్తలది ఒకే మాట. మిగతా అన్ని విషయాల్లోనూ, "మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అని ఆవిడ రోజుకోసారైనా అనేది. ఆ రోజు ఇంటికి వస్తుంటే బస్సులో ఏదో మాటకు ఆ సామెత నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ నాలుక కరుచుకుని కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు ఆవిడ అటక మీది క్యాసెట్ల పెట్టె దింపించింది. ఒక్కొక్కటీ తుడిచి, ఒక వరుసలో పెట్టి, పొద్దునా సాయంత్రం పెట్టడం మొదలుపెట్టింది. వారం రోజులు మేస్త్రి బుద్ధిగా కూర్చుని విన్నాడు. కానీ ఏ పాటలోనూ ఆయన మనసు నిలవలేదు. పల్లవి మొదలవగానే చివరిదాకా తనకు తెలిసిపోతోంది.

ఎనిమిదో రోజు శుక్రవారం. కోడలు పెరట్లో బట్టలారేస్తోంది. ఆమెది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. శుక్రవారం పదకొండింటికి గానీ డ్యూటీ ఉండదు. కొడుకు గూడ్సు యార్డులో పనిచేస్తాడు. ఇంట్లో ఉంటే నిద్ర, లేకపోతే డ్యూటీ. మామాకోడళ్ళ మధ్య మాటలు తక్కువ. "టీ తాగుతారా మామయ్యా", "ఊ", అంతే. అలాంటిది మేస్త్రి ఆ పొద్దున తీగ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె నడుముకు దోపుకున్న ఫోన్లోంచి ఏదో పాట వస్తోంది.

"పెద్దగా ఉందా మామయ్యా? ఆపేస్తాను."

"ఆపకు. ఏంటది?"

"ఇవాళే వచ్చిందండీ. కొత్త పాటలన్నీ శుక్రవారమే విడుదలవుతాయి. ఈ అమ్మాయిది మొదటి పాట. ఇండీ పాట."

"ఇండీ అంటే?"

"వెనక పెద్ద కంపెనీ ఉండదు మామయ్యా. వాళ్ళే రాసుకుని, వాళ్ళే పాడుకుని, వాళ్ళే బయటికి వదులుతారు."

"అయితే మన వర్క్‌షాపు లాంటిదే," అన్నాడు మేస్త్రి. ఎడమ చెవి ఫోన్ దగ్గరికి వంచాడు.

ఒక గిటారు, దానిమీద ఒక ఆడపిల్ల గొంతు. అమ్మకు ఫోన్ చేసి, ఇక్కడంతా బాగానే ఉందని అబద్ధం చెప్పే పాట. గొంతులో బడాయి లేదు. పక్కింటి పిల్ల గిన్నెలు తోముతూ తనలో తాను పాడుకున్నట్టుంది. మధ్యలో మేస్త్రి చెయ్యెత్తాడు.

"తలుపు!"

"ఏ తలుపు మామయ్యా?"

"పాటలో. వెనక తలుపు కిర్రుమంది. మడతబందుకు నూనె లేదు."

కోడలు పాట వెనక్కి జరిపి విన్నది. నిజమే. పొద్దున్నుంచి మూడుసార్లు విన్నా తను పట్టుకోలేదు. "తన గదిలోనే పాడి రికార్డు చేసుకుందట. ఎవరో తలుపు తీసి ఉంటారు," అంది. వాళ్ళమ్మే తీసి ఉంటుందన్నాడు మేస్త్రి. ఇద్దరూ ఆ చోటే ఇంకోసారి విన్నారు.

తర్వాతి వారం ఆయనే ముందు లేచి పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

అలా శుక్రవారాలు మొదలయ్యాయి. ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా, కొత్తవి మాత్రమే. ముగ్గురు కుర్రాళ్ళ బ్యాండు ఒకటి, భాష తెలియని ఒకావిడ గొంతు ఒకటి, ఇద్దరు అన్నదమ్ములు పాడిన, ఏడు నిమిషాలైనా ఒక కొలిక్కి రాని పాట ఒకటి. ఆ ఏడు నిమిషాలదాన్ని వరుసగా రెండుసార్లు వినడంతో ఆ రోజు వర్క్‌షాపు తలుపులు ఆలస్యంగా తెరుచుకున్నాయి. అందరూ వింటున్న పాప్ పాటొకటి వినిపిస్తే ఆయన పెదవి విరిచాడు.

"రంగు మందంగా కొట్టారమ్మా. లోపలి అతుకు కనపడనివ్వట్లేదు."

రెండు వారాల తర్వాత అదే పాట కూనిరాగం తీస్తూ కోడలికి దొరికిపోయాడు. "అతుకు కనపడిందా మామయ్యా?" అంటే, "రంగు బాగుందిలే," అని తప్పించుకున్నాడు. ఆమెకు నవ్వాగలేదు. ఆ ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో ఆయన ముందు ఆమె పెద్దగా నవ్వడం అదే మొదలు.

క్యాసెట్ల పెట్టె మీద దుమ్ము పడుతోంది. భార్య చూస్తూనే ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇక ఉండబట్టలేకపోయింది.

"ముప్పై ఆరేళ్ళు నాతో కూర్చుని విన్న పాటలు చేదయిపోయాయా మీకు?"

"చేదవడం కాదే..."

"ఉన్న నాలుగు రోజులూ అవి వింటారని నేను పెట్టె దింపిస్తే, మీరు ముక్కూ మొహం తెలియని వాళ్ళ పాటలు పట్టుకు కూర్చుంటారా?"

మేస్త్రి నెమ్మదిగా చెప్పాడు. "పాతవాటికి నాకు చెవులతో పనిలేదు. ఇక్కడ మొదలుపెడితే," అని కణత మీద వేలు పెట్టుకున్నాడు, "చివరిదాకా వచ్చేస్తాయి. టేపు నలిగిపోయిన చోటుతో సహా. అవెక్కడికీ పోవు. కొత్త పాట అలా కాదు. అది చెవిలోంచే లోపలికి రావాలి. ఆ తలుపేమో మూసుకుపోతోంది. మూసుకునేలోగా ఎన్ని దొరికితే అన్ని."

"మరి నా గొంతు?"

"నీ గొంతూ లోపలే ఉంది. చెవులు పోతే మాత్రం నీ గొంతు మర్చిపోతానా?"

"పాత మాటలుంటాయి. నేను కొత్తగా ఏదైనా చెబితేనో?"

ఆవిడ కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కానీ ఆ తర్వాతి శుక్రవారం నుంచి ఏడింటికి ఎనిమిదింటికి మధ్య వంటింట్లో గిన్నె చప్పుడు ఉండేది కాదు. కుళాయి కూడా సన్నగా తిప్పుకునేది. ఆ సంగతి మేస్త్రికి తెలియలేదు. కోడలికి తెలిసింది.

ఏడాది తిరక్కుండానే కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి మిషను వచ్చింది. దగ్గరగా, నిదానంగా మాట్లాడితే తెలిసేది. ఫోన్ సరిపోక కోడలు ఒక స్పీకరు కొనుక్కొచ్చింది. మేస్త్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు రెండూ దానిమీద పరిచి వినేవాడు. ఒక్కోసారి పాట అయిపోయాక కూడా చేతులు తీసేవాడు కాదు. అయిపోయిందని ఆమె చెప్పాల్సి వచ్చేది.

ఆ రోజుల్లోనే కబురు తెలిసింది. తలుపు చప్పుడు పాట పాడిన అమ్మాయి వీళ్ళ ఊళ్ళో పాడడానికి వస్తోంది. టైర్ల షాపు మీది చిన్న హాల్లో ఆదివారం సాయంత్రం అయిదింటికి పాడుతుందట. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని నాలుగింటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. "నువ్వూ రాకూడదూ?" అన్నాడు భార్యతో. "నాకేం తెలుస్తుంది, మీరు వెళ్ళి రండి," అంది ఆవిడ.

హాల్లో యాభై మంది లేరు. అందరూ పాతికలోపు వాళ్ళే. ఎవరో లేచి ఆయనకు ముందు వరుసలో కుర్చీ ఇచ్చారు. పాడే అమ్మాయి ఆయన ఊహించుకున్న దానికంటే చిన్నది, బక్కపలచగా ఉంది. నాలుగో పాటగా ఆ పాట ఎత్తుకుంది. గిటారు లావుతీగల మోత మేస్త్రికి అందింది. ఆ అమ్మాయి నోరు తెరిచింది. గొంతు రాలేదు.

మైకు పోయిందనుకున్నాడు. ఎవరూ కేకలెయ్యరేం అనుకుంటూ పక్కకు చూశాడు. కోడలి పెదవులు పాటతోపాటు కదులుతున్నాయి. వెనక వరుసల్లో అందరి పెదవులూ కదులుతున్నాయి.

పోయింది మైకు కాదని ఆయనకు అర్థమైంది. అయినా కుర్చీలో కదలకుండా కళ్ళు మూసుకుని, పెరట్లో మొదటి శుక్రవారం విన్న పాటను లోపల మొదలుపెట్టాడు. అది సక్రమంగానే వచ్చింది. గిటారు వచ్చింది, గొంతు వచ్చింది, తలుపు కూడా కిర్రుమంది. చివరి మాటా వచ్చింది. కళ్ళు తెరిచాడు.

ఆ అమ్మాయి ఇంకా పాడుతూనే ఉంది. ఏడాదిలో పాటను మార్చుకుంది కాబోలు, నెమ్మది చేసిందో, కొత్త చరణం కలిపిందో. జనం ముందుకు వంగి వింటున్నారు. ఒక కుర్రాడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కొత్త ముక్క ఏమిటో మేస్త్రికి తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపులో ఆగి అన్నాడు. "నాకు గొంతు వినపడలేదమ్మా."

కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసు మామయ్యా. మధ్యలోనే తెలిసింది."

"ఇక చాల్లే. శుక్రవారం నువ్వు నిద్రపో. డ్యూటీకి ఓపికుంటుంది."

స్పీకరు అలమారలోకి వెళ్ళింది. ఒక శుక్రవారం గడిచింది, ఇంకోటి గడిచింది. మేస్త్రి ఏడున్నరకే వర్క్‌షాపుకు పోయి గ్రైండరు ముందు కూర్చుంటున్నాడు. ఇంట్లో ఎవరేమన్నా "ఊ" అంటున్నాడు, విన్నాడో లేదో తెలియకుండా.

మూడో శుక్రవారం పొద్దున భార్య కోడలి గది తలుపు తట్టింది.

"కొత్తవి ఎక్కడ నొక్కితే వస్తాయో నాకు చూపించు."

కోడలు తెల్లబోయి చూసింది. తర్వాత ఏమీ అడగకుండా ఆవిడ ఫోన్లోనే చూపించి, ఇయర్‌ఫోన్లు ఆవిడ చెవుల్లో పెట్టింది. ఆవిడకు అది జీవితంలో మొదటిసారి. పాట మొదలవగానే ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. "నా నెత్తిలోనే కూర్చుని వాయిస్తున్నారే!" అంది, తను అరుస్తున్నానని తెలియక. ఆ అరుపుకు నైట్ డ్యూటీ చేసి పడుకున్న కొడుకు లేచి కూర్చున్నాడు.

ఎనిమిదిన్నరకు ఆవిడ వర్క్‌షాపు గుమ్మంలో ఉంది. ఆవిడ అక్కడికొచ్చి పదేళ్ళు దాటింది. మేస్త్రి కంగారుగా గ్రైండరు ఆపాడు.

"ఏమైంది? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?"

ఆవిడ ఇనపముక్కలు పక్కకు జరిపి బల్ల మీద ఆయన ఎడమవైపు కూర్చుంది. నోరు ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ముగ్గురు కుర్రాళ్ళు. ఇవాళే వచ్చింది పాట."

మేస్త్రికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని గ్రైండరు కింద పెట్టాడు.

"మొదట్లో ఏమీ ఉండదు. చాలాసేపు ఒకటే డ్రమ్ము. మీరు రేకు సాపు చేస్తున్నట్టే ఉంటుంది, కాకపోతే వాడికి మీకంటే ఓపిక ఎక్కువ. తర్వాత గిటారు వస్తుంది. అదొచ్చాక ఆ డ్రమ్ము నచ్చడం మొదలైంది నాకు. ఎందుకో తెలీదు."

"గొంతు?"

"జలుబు చేసినట్టుంది. కావాలనే అలా పాడుతున్నాడేమో. పోయిన వాళ్ళ నాన్న గురించి. నాన్న చొక్కా వేసుకుంటే చేతులు పొడుగయ్యాయట. అంతే చెబుతాడు. ఏడవడు."

"వెనక ఎవరైనా పాడతారా?"

ఆవిడ ఆలోచించింది. "అది చూసుకోలేదు."

"చూడాలి మరి. అది ముఖ్యం," అన్నాడు మేస్త్రి. చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకున్నాడు. "ఇంతకీ బాగుందా?"

"ఒక్కసారికే ఏం చెప్పను? ఉండండి."

ఆవిడ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కోడలు చూపించిన చోట వేలితో నొక్కి, కళ్ళు మూసుకుంది. మేస్త్రి గ్రైండరు ప్లగ్గు పీకేసి, ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ వేళ్ళు మోకాలి మీద నెమ్మదిగా తాళం వెయ్యడం మొదలుపెట్టాయి. ఆయన ఆ వేళ్ళనే చూస్తూ, ఆవిడ కళ్ళు తెరిచేదాకా ఆగాడు.