తెరిచిన గేటు దగ్గర

గేటుకి ఇవతల వెంకటదుర్గ కడుపు పట్టుకుని నిలబడి ఉంది. గేటుకి అవతల, చెరువులు దాటాక, తారురోడ్డు మీద అంబులెన్సు కనిపిస్తూనే ఉంది. మధ్యలో ఉన్నదల్లా ఒక్క గట్టు.

ఆ గట్టు ఒకప్పుడు పుంత. బండ్లు నడిచిన దారి, పశువులు నడిచిన దారి, పాడెలు నడిచిన దారి. మొగల్తూరు వైపు వరిచేలు రొయ్యల చెరువులైపోతున్న రోజుల్లో గోపాలకృష్ణమూర్తి గారు పుంతకి అటూ ఇటూ ఉన్న తన చేలు తవ్వించాడు. పుంతని చెరువు గట్టు చేసుకుని, పేట వైపు కొసన ఇనపగేటు పెట్టించాడు. పనికొచ్చే మగవాళ్లకి ఆ గేటు తీస్తారు. ఆడవాళ్లకి తీయరు. ముట్టు, పురుడు లాంటి అంటు ఉన్న ఆడది గట్టెక్కితే రొయ్యకి తెల్లమచ్చ రోగం వస్తుందని అక్కడి చెరువుల వాళ్ల నమ్మకం. ఎవరికి అంటు ఉందో అడగలేరు కాబట్టి మొత్తం ఆడవాళ్లనే ఆపేశారు. కాలవగట్టు పేట ఆడవాళ్లు మురుగుకాలవ వెంట చుట్టూ తిరిగి, తూము దాటి రోడ్డెక్కుతారు. ఇదేం న్యాయమని ఏనాడూ అడగలేదు. అడగాలంటే మగవాళ్ల ముందు అంటు మాట ఎత్తాలి. దానికంటే చుట్టూ తిరగడమే నయమనిపించింది వాళ్లకి.

కూతురు చిన్ని పుట్టినప్పుడు వెంకటదుర్గ ఒక రాత్రీ ఒక పగలూ నొప్పులు పడింది. రెండో కాన్పుకి కూడా అంత సమయం ఉంటుందనుకుంది. తెల్లవారుజామున నడుములో మొదలైతే ఎవరికీ చెప్పకుండా వాకిలి ఊడ్చింది, అన్నం వార్చింది, చిన్నికి జడ వేసింది. జడ సగంలో ఉండగా గోడ పట్టుకుని కూలబడింది. మొగుడు గణేష్‌బాబు రొయ్యల పట్టుబడి జట్టుతో పైఊరు పోయాడు. అత్త బుల్లెమ్మ కాళ్లూ చేతులూ ఆడక కేకలు పెడితే, పక్కింటి రూతు 108కి ఫోన్ చేసి పేట ఆడవాళ్లని వెంటేసుకొచ్చింది. రూతు రొయ్యల షెడ్డులో తొక్క వలుపు పనికి పోతుంది. షెడ్డు ఆడవాళ్ల సంఘం మనిషి. నోరు పెద్దదని పేటలో పేరు.

"అప్పాజీ, తాళం తియ్యి," అంది రూతు.

గేటు కాపలా అప్పాజీ పరాయివాడు కాదు, బుల్లెమ్మ సొంత తమ్ముడు.

"నన్ను చంపకు రూతక్కా. అయ్యగారికి ఫోన్ చేస్తున్నా కదా."

స్పీకర్లోంచి గోపాలకృష్ణమూర్తి గారి గొంతు అందరికీ వినబడింది. "పురుటి నొప్పుల మనిషిని గట్టెక్కిస్తావా? బుర్రుందా నీకు? మొన్నేగా రొయ్యపిల్లల సీడు వదిలాం! చుట్టూ తిరిగి పొమ్మను. రెండోదేగా, నడుస్తుందిలే."

"ఆయనెప్పుడు కన్నాడంటా రెండోది?" అని అరిచింది రూతు. అవతల ఫోన్ పెట్టేశారు.

అప్పాజీ అక్క మొహం చూశాడు, కోడలి మొహం చూశాడు. తాళం తీశాడు. గేటు రెక్క బార్లా తోశాడు. "వెళ్లండి. ఏదైతే అదవుతుంది. తొందరగా దాటించెయ్యండి."

వెంకటదుర్గ గట్టు మీద కాలు పెట్టింది. రూతు భుజం మీద బరువంతా వేసి రెండడుగులు వేసిందో లేదో, లోపల ఏదో తెగినట్టయి ఉమ్మనీరు బుడుక్కున దిగింది. లంగా తడిసి, కాళ్లమ్మట కారి, గట్టు మట్టి మీద మడుగు కట్టింది. స్తంభం మీద కెమెరా ఉంది. మేత బస్తాల పాక దగ్గర ముగ్గురు మగవాళ్లు పని ఆపి ఇటే చూస్తున్నారు.

"అయ్యయ్యో, గట్టు మీద పడిందే! ఇవతలికి రామ్మా, ఇవతలికి వచ్చెయ్యి!" వెనకనుంచి బుల్లెమ్మ కేక.

వెంకటదుర్గని ఎవరూ లాగలేదు. గేటు ఎవరూ వెయ్యలేదు. అంబులెన్సు కళ్లెదురుగానే ఉంది. ఆ తడి మడుగు, ఆ మగవాళ్ల చూపులు, పైన ఆ కెమెరా కన్ను. ఆమెకి భూమిలోకి దిగిపోవాలనిపించింది. తనంతట తానే వెనక్కి తిరిగి, గేటు దాటి ఇవతలికి వచ్చేసింది.

"ఏంటే నీ మొహం! నడవ్వే!" అని రూతు గింజుకుంది. వెంకటదుర్గ తల అడ్డంగా ఊపింది.

చుట్టుదారిలో తూము దాకా కూడా రాలేకపోయారు. మురుగుకాలవ ఒడ్డున, గుర్రపుడెక్క కుళ్లిన వాసనలో, ఆమె మోకాళ్ల మీద కూలింది. ఆడవాళ్లు చీర కొంగులు చాపి చుట్టూ నిలబడ్డారు. కడుపంతా కిందికి తోసుకొస్తోంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "అరవ్వే తల్లీ, అరిస్తే బలమొస్తుంది," అని ముసలి వీరమ్మ బతిమాలింది. అరవలేదు. కాలవకి అవతల గట్టు మీద మగవాళ్లున్నారు. పళ్లు బిగించి, ఒక్క మూలుగు కూడా బయటికి రానీకుండా, బిడ్డని బురద పక్కన పరిచిన రూతు చున్నీ మీదికి కనేసింది.

బిడ్డ ఏడవలేదు. నీలంగా ఉన్నాడు. అంబులెన్సు అమ్మాయి సంచీ భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని చుట్టూ పరిగెత్తుకొచ్చేదాకా అలాగే ఉన్నాడు. ఆమె నోట్లో గొట్టం పెట్టి లాగి, వీపు రుద్ది, పాదాల మీద కొట్టింది. అప్పుడు ఏడ్చాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా వాడితో పాటు ఏడ్చారు.

"మగపిల్లాడు," అంది రూతు కళ్లు తుడుచుకుంటూ. "వీడు పెద్దయితే గేటు తీస్తారు. కన్నదానికి తీయరు."

మాయ పడకుండానే వెంకటదుర్గని మంచం మీద మోసుకెళ్లారు. నరసాపురం ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. పక్క మంచం ఆమె "బాబు ఎక్కడ పుట్టాడమ్మా?" అనడిగితే "ఇంట్లోనేనండి" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

బిడ్డతో పేటకి తిరిగొచ్చేసరికి కబురు సిద్ధంగా ఉంది. గోపాలకృష్ణమూర్తి గారి చెరువులో రొయ్య తేలింది, తెల్లమచ్చ. కెమెరాలో అంతా ఉందట. ఆయనే కాదు, చెరువుల వాళ్లంతా కలిసి మాట అనుకున్నారు. ఆ పిల్ల పసుపునీళ్లు పట్టుకొచ్చి గట్టు కడగాలి, పెద్దల ముందు తప్పయిందని చెప్పాలి. లేకపోతే పేట మగవాళ్లకి చెరువుల్లో పని లేదు, ఆడవాళ్లకి షెడ్డులో పని లేదు.

మంచినీళ్ల ట్యాంకు కింద పేట అంతా కూడింది. వెంకటదుర్గ బిడ్డని ఒళ్లో పెట్టుకుని ఒక వారగా, తల దించుకుని కూర్చుంది. గణేష్‌బాబు మగవాళ్లలో కూర్చుని గడ్డిపరకలు తుంపుతున్నాడు.

"నాలుగు చెంబుల నీళ్లు పోసేస్తే పోయేదానికి ఇంత రభసేంటి?" అన్నాడో పెద్దమనిషి.

"నువ్వెళ్లి పొయ్యి, నీకూ చెయ్యుందిగా," అంది రూతు.

"నువ్వు నోర్ముయ్యి. నీ సంఘం వచ్చి అన్నం పెడుతుందా?"

డిగ్రీ చదువుతున్న హారతి లేచింది. "తెల్లమచ్చ వైరస్సండి. సీడుతో వస్తుంది, నీళ్లతో వస్తుంది. అంటుకీ దానికీ..." ఆ మాట నోట్లోంచి రాగానే మగవాళ్లు కొందరు నవ్వారు. ఆ పిల్ల మొహం కందిపోయి కూర్చుండిపోయింది.

"నా కోడలు పోసేస్తుంది బాబూ," అంది బుల్లెమ్మ ఏడుస్తూ. "పిల్లలతో బతకాలి. పోసేస్తుంది."

అప్పుడు వెనకనుంచి అప్పాజీ లేచాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. గేటు తీసినందుకు ఆ రోజే పనిలోంచి తీసేశారతన్ని.

"నేనొక మాట అడుగుతానక్కా. నీ కోడలినే అడుగుతా." "పుట్టి బుద్ధెరిగాక అయ్యగారి మాట కాదన్నది ఆ ఒక్క రోజే. గేటు తీశాను. పనిపోయింది, పోనీ. తీసిన గేటులోంచి నువ్వు వెనక్కెందుకొచ్చావే అమ్మా? నువ్వు నడిచుంటే నా బాధ నాకుండేది కాదు."

వెంకటదుర్గకి చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ ఆమె సిగ్గుపడుతున్నది తడిసిన బట్టలకి, కాలవ ఒడ్డున విప్పిన కాళ్లకి. ఆ సిగ్గు కింద ఇంకొకటుందని, దాన్ని ముట్టుకోడానికి కూడా భయపడుతున్నానని ఇప్పుడు తెలిసింది. నిలబడింది. మీటింగులో నిలబడటం ఆమెకదే మొదలు.

"నేను పసుపునీళ్లు పట్టుకెళ్లనండి," అంది. మళ్లీ అంది. "నేను వెళ్లను. గట్టు తడిసినందుకు కాదు నాకు సిగ్గు. నా కొడుకు నీలంగా పడి ఉంటే కూడా అరవలేదు. అరిస్తే గట్టు మీద మగాళ్లు వింటారని. వినాల్సిందే వాళ్లు కదా, వాళ్లకి వినబడకుండా కన్నాను. అప్పాజీ మావయ్య గేటు తీశాడు. నేను నడవలేదు. నడిచుంటే ఆ వెనక మీరంతా నడిచేవారు. నాకు తలెత్తబుద్ధి కావట్లేదండి. మళ్లీ ఆ గేటు దగ్గరికి తీసుకెళ్లండి నన్ను."

గణేష్‌బాబు చేతిలో గడ్డి పారేసి లేచొచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"ఆ అమ్మాయికే కాదు సిగ్గు," అంది వీరమ్మ. "నా ముగ్గురు కోడళ్లనీ నేనే ఆ బురదమ్మట తిప్పాను."

మర్నాడు పొద్దెక్కాక పేట ఆడవాళ్లంతా బయల్దేరారు, వెంకటదుర్గ బిడ్డని భుజానేసుకుంది. మగవాళ్లు కొందరు ఇళ్లలోనే ఉండిపోయారు, ఎక్కువమంది వెనకాలే నడిచారు. ఈ కబురు ముందే చేరింది. గేటు దగ్గర గోపాలకృష్ణమూర్తి గారు, చెరువుల వాళ్లు పదిమంది, ఎస్సై, జీపు.

"ఇది ప్రైవేటు స్థలం. వెనక్కి వెళ్లండమ్మా," అన్నాడు ఎస్సై.

"నా పెళ్లికి ఈ పుంతమ్మటే బండి మీద కాపురానికొచ్చాను బాబూ," అంది వీరమ్మ. "అప్పటికి ఈ అయ్యగారింకా పుట్టనే లేదు."

జనం నవ్వారు. ముందుకి తోసుకొచ్చారు. గేటు ఊగింది. గోపాలకృష్ణమూర్తి గారు చెరువుల వాళ్లతో గుసగుసలాడి, చెయ్యెత్తాడు.

"సరేనమ్మా. మీ మాట నేనెందుకు కాదంటాను. మంచీచెడ్డా తెలిసినవాళ్లు మీరు. గేటు తీయిస్తాను, మీ దారిన మీరు పోండి. అంటులో ఉన్నవాళ్లు, పురిటి మైల ఉన్నవాళ్లు మాత్రం చుట్టూ పోండి. ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు?"

గేటు తెరుచుకుంది. తెరిచిన గేటు ముందు గుంపు ఆగిపోయింది.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందరి చూపులూ నేల మీదే. ఒక్కొక్కరూ లోపల తమ లెక్క తాము వేసుకుంటున్నారు. సగంమంది దాటొచ్చు. మిగతా సగం వెనక్కి తిరిగితే, వెనక్కి తిరిగినవాళ్లెవరో ఎందుకో ఊరంతటికీ తెలిసిపోతుంది. వెంకటదుర్గ పక్కన నిలబడ్డ హారతి పుస్తకాల సంచీ పొట్టకి అదుముకుని, ఎవరూ చూడకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అడుగు వెంకటదుర్గ చూసింది. అది తన అడుగే. అచ్చం తను వేసిందే.

ఆమె హారతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను పురిటి మైలలో ఉన్నానండి," అంది, ఎస్సైకీ, చెరువుల వాళ్లకీ, వెనక మగవాళ్లకీ అందరికీ వినబడేలా. "ఇంకా రక్తం పోతూనే ఉంది. ముందు నేను నడుస్తాను. ఈ అమ్మాయి నాతో నడుస్తుంది."

"నాకూ అంటు ఉందండి," అంది రూతు.

"నాకూను."

"నాకూనండి బాబూ," అంది డెబ్బై దాటిన వీరమ్మ కర్ర పైకెత్తి. "ఇప్పుడే వచ్చింది!"

గుంపు గొల్లుమంది. ఆ నవ్వులోనే కదిలింది. ఇద్దరు కాపలావాళ్లు గేటు రెక్క లాగబోతే అప్పాజీ అడ్డంగా నిలబడి వీపుతో ఆపాడు. లాఠీ భుజం మీద పడింది. కదల్లేదు.

"సిగ్గులేదటే మీకు?" అని అరిచాడు గోపాలకృష్ణమూర్తి గారు. "నడిరోడ్డు మీద చెప్పుకునే మాటలేనా ఇవి!"

వెంకటదుర్గ ఆయన ఎదురుగా వచ్చి ఆగింది. "ఉందండి. చాలా ఉంది. అది మోయలేకే వచ్చాం."

గట్టు మీద నడిచారు. అటూ ఇటూ చెరువులు, మధ్యలో ఆడవాళ్లు. నడుస్తుండగా కాళ్ల మధ్య తడి తెలిసింది వెంకటదుర్గకి. అలవాటుగా కాలు తడబడింది. అయినా ఆగలేదు. తారురోడ్డు ఎక్కేదాకా ఆగలేదు.

గట్టమ్మట వెనకాలే వచ్చిన జీపు రోడ్డు మీద ఆగింది, అప్పాజీని, రూతుని ఎక్కమన్నారు. "మళ్లీ వస్తాగా, ఏడుపు మొహాలు పెట్టకండి. షెడ్డు ఆడవాళ్లకి కబురు చెప్పండి," అని రూతు ఎక్కి కూర్చుంది. జీపు కదలబోతుంటే, అందరికంటే వెనక, గట్టు మీద ఒక్కతే, పడుతూ లేస్తూ వస్తోంది బుల్లెమ్మ. గేటు దగ్గర ఆగిపోయి, ఆగిపోయి, ఇప్పుడు దాటిందామె. వచ్చి జీపు తలుపు పట్టుకుంది.

"నన్నూ ఎక్కించుకోండి బాబూ."

"నువ్వెందుకమ్మా? నువ్వేం చేశావు?" అన్నాడు ఎస్సై విసుగ్గా.

"ఆ రోజు దాన్ని వెనక్కి పిలిచింది నేనేనండి," అంది బుల్లెమ్మ.

ఎస్సైకి అర్థం కాలేదు. చెయ్యి విడిపించి జీపు పోనిచ్చాడు. బుల్లెమ్మ ఆ దుమ్ములో నిలబడి కోడలి మొహం చూడలేక నేల చూస్తోంది. వెంకటదుర్గ బిడ్డని అత్త చేతుల్లో పెట్టి, పేట వైపు తిరిగింది. ఇంటికి పోవాలంటే మళ్లీ అదే గట్టు. అవతల గేటు మూసి, తాళం వేసి, ముందు మనుషులు నిలబడ్డారు.

ఆడవాళ్లంతా అటే నడిచారు.