పొట్టి విల్లు

పొద్దున్నే వాకిలి చిమ్మి ముగ్గేసి వచ్చాక వరదమ్మ మొదట చూసేది మొగుడి వీపు. నిటారుగా ఉంటే టీ పెడుతుంది. వంగి ఉంటే ఫోను తీస్తుంది.

కార్వేటినగరం చుట్టుపక్కల మామిడి తోటల్లో చిలకల్నీ కోతుల్నీ తోలడానికి మట్టి ఉండలు విసిరే విల్లులన్నీ కుప్పయ్య చెక్కినవే. వాడాక ఎవరైనా కొన నుంచి తాడు దించకుండా వదిలేస్తే, ఆ విల్లు ఎంత వంగి ఉంటుందో కుప్పయ్య వీపూ అంత వంగుతుంది. వాళ్ల నాయనకీ అంతే. ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. మతిమరుపు వాళ్లని తిట్టుకుంటారు, అంతే.

"ధనంజయా, తాడు దించినావా?"

"మరిసిపోయినానత్తా. ఇదో, దించతా ఉండా," అంటాడు తోట కాపలా ధనంజయ. కాసేపటికి కుప్పయ్య ఒళ్లు విరుచుకుని ఉలి అందుకుంటాడు.

కూతురు భానుశ్రీ మట్టి ఉండలతో ఆగలేదు, బాణం పట్టింది. చెక్క విల్లు పోటీల్లో జిల్లా దాటింది. తిరుపతిలో జరిగే ఎంపికలో నెగ్గితే అకాడమీలో సీటు; చదువూ తిండీ వాళ్లే చూసుకుంటారు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇక పిలవరు.

నాయన చేసిచ్చిన విల్లు ఆమె కన్నా పొడుగు. మెత్తగా సాగుతుంది, చెయ్యి కొంచెం వణికినా సర్దుకుపోతుంది. కానీ బాణం నిదానంగా పోయి, దూరం గురి దగ్గరికి చేరేసరికి వాలిపోతుంది.

"పొట్టిది చేసియ్యి నాయనా."

"పొట్టిది వడిగా కొడతాది, నిజమే. కానీ ఆ కొంచెం కొయ్యే వంపంతా మొయ్యాల. నీ సెయ్యి రవ్వంత తొణికినా సర్దుకోదు."

"పోనీ, దీని కొనలే సెగకి ముందుకు వంచితే?"

"వడి వస్తాది. మెలి కూడా తిరుగుతాది. పోటీ నడమ తిరిగితే ఏం సేస్తావు?"

"పొట్టిదే చెయ్యి. నా చెయ్యి తొణకదు."

తొణకదని అతనికీ తెలుసు. అసలు భయం ఆమె చెయ్యి గురించి కాదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. భానుశ్రీ నాయన వీపు కేసి చూసి, "విడత విడతకీ తాడు దించతాలే," అంది.

ఆ వారమే కుప్పయ్య, ఎంత వంచినా విరగని తడ చెట్టు కొయ్యతో పొట్టి విల్లు చెక్కాడు. అంత చక్కటి విల్లు అతను ఎన్నడూ చెయ్యలేదు. చూసుకుని చూసుకుని మురిసిపోయాడు.

పోటీ రోజు పొద్దెక్కేకొద్దీ, తాడు దించని విల్లు వంపు ముదిరేకొద్దీ, కుప్పయ్య వంగుతూ పోయాడు. మధ్యాహ్నానికి గడ్డం రొమ్ముకి ఆనింది. ఆ తర్వాత తల మోకాళ్లకి తగిలింది. ఊపిరి అందడం లేదు. వరదమ్మ ఫోను తీసింది.

"వద్దే," అన్నాడు నేలకేసి చూస్తూ. "గెలుస్తా ఉండాది. లేకుంటే ఇంతసేపు తాడు ఉంచుకోదు."

"నీ పానం పోతే?"

"ఫోను పెట్టేయ్."

ఊరందరికీ ఫోన్లు చేసి తిట్టిన మనిషి, కన్నకూతురి పేరు మీద వేలు పెట్టి నొక్కలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఎండ ఇంకా తగ్గకముందే కుప్పయ్య వీపు చప్పున నిటారుగా లేచింది. పక్కింటి సుబ్బులమ్మ గోడ మీదుగా చూసి, "పాప తాడు దించినట్టుండాదే. బాగుండావా అన్నా?" అంది. మొగుడూ పెళ్లాలిద్దరూ పొద్దు కేసి చూశారు. పోటీ ముగిసేది సాయంత్రానికని వాళ్లకి తెలుసు.

ఫోను మోగింది.

"లేసినావా నాయనా?"

"ఎన్ని బాణాలు మిగిలిండాయి?"

"ఆఖరి విడత మొత్తం. నడమ తాడు దించితే మిగతా విడతలు వదులుకున్నట్టే అని ముందే చెప్పినారు. పొద్దుటినుంచీ నిన్ను తలుసుకుంటానే కొట్టినా. ఇంక నా వల్ల కాలేదు."

"ఎక్కించు మళ్లా. నాకేం కాలేదు. ఎక్కించు పాపా."

"నా పేరు కొట్టేసినారు. నాయనా, ఊపిరి ఆడతా ఉండాదా?"

కుప్పయ్యకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, తిరుపతిలో ఉన్న బిడ్డకి వినబడేలా, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.