ఎడమ తలుపు కొయ్య

రెండేళ్లుగా ఆ కారు షెడ్డులో సగం స్థలం మింగి కూర్చుంది. దానివల్లే వదిన కుట్టు మిషన్ వరండాలో ఉండిపోయింది. జల్లు పడితే చాలు, కుట్టే సీటు కవర్లన్నీ ఎత్తుకుని లోపలికి పరుగు. ఈ బేరం కుదిరితే మిషన్ లోపలికి వస్తుంది. అందుకే పొద్దున్నే లేచి కారు తనే తుడిచింది.

అది బ్రిటన్‌లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మరీ తొలినాళ్లది. అలాంటివి వంద కూడా చేయలేదట. పైన అల్యూమినియం రేకు, లోపల కర్ర చట్రం. వడ్రంగం కూడా తెలిసిన మెకానిక్ కనుక ఆమె భర్త మోజుపడి కొన్నాడు. బాగుచేయడం పూర్తికాకుండానే పోయాడు.

కొనడానికొచ్చిన కళ్లజోడాయనకు పాత బళ్లంటే పిచ్చి. టార్చి పట్టుకుని కారు కిందికి దూరి, వీపంతా దుమ్ముతో లేచాడు. ఎడమ తలుపు పక్కనున్న తోలు మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"చూశారా ఈ కుట్టు? ఆ కాలం పనివాళ్ల చెయ్యి. ఇప్పుడెవరికొస్తుంది?"

"అంతా ఒరిజినలేనండి," అన్నాడు మరిది తడుముకోకుండా. "మా అన్నయ్య ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

వదినకు నవ్వొచ్చింది. ఆ కుట్టు తనది. ఊరికే వచ్చిన పొగడ్త, ఉంచుకుందామనుకుంది.

ఆయన తలుపు తీసి వేసి, "రేపు మా అమ్మాయిని ఇటు పక్క కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతా. దీని వేగమేంటో చూడాలి," అన్నాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. తలుపు బరువంతా మోసే కొయ్య ఆ తోలు వెనకే ఉంది. పుచ్చిన పాతది తీసేసి కొత్తది చెక్కిన భర్త, కొలత సరిపోయిందో లేదో చూడ్డానికి రెండు మరలతో నిలబెట్టి, జిగురు రేపు పెడదామన్నాడు. మర్నాడు ఆస్పత్రి. ఆయన పోయాక, ఆ కొయ్య అలా బోసిగా కనబడుతుంటే చూడలేక, పైన తోలు కుట్టేసింది తనే.

"ఆ కుట్టు నాదండి," అంది. "దాని వెనక కొయ్యకు జిగురు లేదు."

"వదినా, ఆయనకు కాస్త టీ పెట్టొచ్చుగా," అన్నాడు మరిది.

"తర్వాత పెడతాలే. ఆ బ్లేడు ఇటివ్వు."

"బండి కుట్లు విప్పే బదులు నీ నోటికో కుట్టు వేసుకుంటే పోయేది," అని గొణుగుతూనే ఇచ్చాడు.

ఆమె ఒక్కో కుట్టూ తెంపి తోలు పక్కకు లాగింది. కళ్లజోడాయన వేలితో నెట్టాడు. కొయ్య కదిలిన పన్నులా ఊగింది. ఆయన టార్చి ఆర్పేశాడు.

"ఇక దీన్ని ఒరిజినల్ అనడానికి లేదు."

"లేదు."

"అయితే ఆ ధర ఇవ్వను."

మరిది నుదురు కొట్టుకున్నాడు.

"ఇవ్వొద్దు. బండి కావాలో వద్దో చెప్పండి," అంది వదిన.

ఆయన వంగి అతుకు చూశాడు. "చెక్కినాయన పని తెలిసినవాడే. మరి జిగురు ఎవరు పెడతారు?"

"ఆయన చెక్కుతుంటే రెండో కొస పట్టుకుంది నేనేనండి."

ఆయన చొక్కా చేతులు మడిచాడు. "తలుపు నేను ఎత్తి పట్టుకుంటా. ఆరడానికి ఎన్నాళ్లు?"

"రెండు రోజులు. అప్పటిదాకా బండి కదపడానికి లేదు," అంటూ వదిన జిగురు డబ్బా మూత తీసింది. లోపల రాయిలా గడ్డకట్టి ఉంది.

"అబ్బాయ్, బజారుకెళ్లి కొత్త డబ్బా పట్రా. ఆయన చేతులు నొప్పెట్టకముందే."