ముందు ప్రెసిడెంటుగారు చూడాలి

నేను ఒక దుర్భిణిని. నన్ను కొన్నది వెంకాయమ్మ కోసం. వెంకాయమ్మ నాలోంచి ఏమీ చూడలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

నన్ను చేసిన చోట మనుషులు తక్కువ మాట్లాడేవారు. రెండు గొట్టాలు, వాటిలో అద్దాలు. రెండు కళ్ళకూ కలిపి ఒకే బొమ్మ కనపడేలా సరిచెయ్యడమే అక్కడి పనితనం. వెంట్రుకవాసి తేడా వచ్చినా చూసేవాడికి తల తిరుగుతుంది. నన్ను బాగా చేశారు. ఆ తర్వాత అంత శ్రద్ధగా ఎవరైనా ఏదైనా చెయ్యడం నేను చూడలేదు.

మొదట కాకినాడ రేవులో ఒక ఓడ అధికారి దగ్గర ఉన్నాను. నాతో సముద్రం చూడమని ఆయనకు జీతం. ఆయన చూసింది పక్క ఓడలో ఏం వండుతున్నారో. తర్వాత ఆయన కొడుకు నన్ను క్రికెట్ పోటీలకు తీసుకెళ్ళేవాడు. ఆట నాకు ఇప్పటికీ తెలియదు, ఆడవాళ్ళ గ్యాలరీ మాత్రం బాగా తెలుసు. వాడికి పెళ్ళయ్యాక నేను రాజమండ్రిలో పాతసామాన్ల కొట్టుకు చేరాను.

అక్కడ నన్ను కొన్నవాడు పళ్ళంరాజు. సామర్లకోటలో వాకర్స్ క్లబ్బు సభ్యుడు. పొద్దున్నే కాసేపు నడిచి, అంతకు రెట్టింపు సేపు కూర్చుని టీ తాగే పెద్దమనుషుల సంఘం అది. మార్చిలో వాళ్ళు కుటుంబాలతో మారేడుమిల్లి కొండలకు ఒకరోజు యాత్ర పెట్టుకున్నారు.

వెంకాయమ్మ పళ్ళంరాజు భార్య. ఆమె తండ్రి ఒకప్పుడు ఆ కొండల్లో వెదురు కొట్టించే పనిలో ఉండేవాడు. అక్కడి పక్షి ఒకదాని గురించి ఆమెకు చిన్నప్పుడు చెప్పాడు. దానికి ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుంటుంది. ఆడది చెట్టుతొర్రలో కూర్చుని, సన్నని చీలిక మాత్రం వదిలి వాకిలి మూసేసుకుంటుంది. పిల్లలు ఎదిగేదాకా మగది పళ్ళు తెచ్చి ఆ చీలికలోంచి తినిపిస్తుంది. తీసుకెళ్ళి చూపిస్తానన్నాడు తండ్రి. చూపించకుండానే పోయాడు.

"నాకింకేం వద్దండి. ఆ పిట్టని ఓసారి చూడాలి. వచ్చే ఏడు ఈ ఓపిక ఉంటదో, ఉండదో" అంది వెంకాయమ్మ. అప్పటికే ఆమె గుండె బాగాలేదు. చూపూ అంతంతమాత్రమే. చదునైన బాటైతే మెల్లగా నడవచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు.

"నీకోసమే కొన్నానే" అని పళ్ళంరాజు నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొంగుతో నా అద్దాలు తుడిచింది. కళ్ళకు పెట్టుకోలేదు.

"ఇక్కడేం ఉన్నాయి, కాకులు తప్ప? కొండమీదే చూత్తాను" అంది.

కొండమీద బాట మంచిదే. ఒకపక్క వెదురు, ఒకపక్క వాగు. లోయలోంచి మంచు లేస్తోంది. బెట్లుడుత అనే పెద్ద కొండ ఉడుత ఒకటి తనకంటే పొడుగు తోకతో కొమ్మమీంచి కొమ్మకు దూకింది. బురదలో కణితి దుప్పి గిట్టల గుర్తులున్నాయి. క్లబ్బువాళ్ళు ఆ గుర్తుల మీదే నిలబడి ఎన్నికల గురించి మాట్లాడుకున్నారు.

వెంకాయమ్మ వెనకబడిపోతుందని అందరూ అనుకున్నారు. కబుర్లు లేని మనిషి కనుక ఆమే ముందుంది. గైడు వెనక ఆమె, ఆమె పక్కన నన్ను మెడలో వేసుకుని పళ్ళంరాజు.

గైడు ఆగి, వాగు అవతల ఒక పెద్ద చెట్టు చూపించాడు. మానులో చీలిక. పైకొమ్మ మీద నలుపూ తెలుపూ మగపక్షి, ముక్కులో ఎర్రటి పండు.

"ఏదండీ? నాకు ఆకులే కనపడుతున్నాయి. ఓసారి ఇలా ఇయ్యండి" అంది వెంకాయమ్మ.

పళ్ళంరాజు చెయ్యి నా పట్టీ మీదకి వెళ్ళింది. అంతలో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఆగవే. ప్రెసిడెంటుగారు చూడకుండా నువ్వు చూత్తే బావుంటదా? యాత్ర పెట్టింది ఆయన."

"ఎగిరిపోద్దేమోనండీ."

"పెళ్ళాం లోపలుంటే వాడెక్కడికి పోతాడే?"

బాగా అన్నాననుకుని నవ్వుకుంటూ వెనక్కి నడిచాడు. ప్రెసిడెంటు అచ్యుతరామయ్యకు రైసుమిల్లు ఉంది. ఆయన వాగుగట్టు మీద ఫోటో తీయించుకుంటున్నాడు. అది అయ్యాక వచ్చాడు. చెమట తుడుచుకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. ఆయన చేతుల మీదుగా పక్షుల వీక్షణ ప్రారంభమవుతుందని కార్యదర్శి ప్రకటించాడు. మెల్లగా మాట్లాడమని గైడు రెండుచేతులూ ఊపాడు. పక్షి అంతసేపూ ఉంది. దానికి మర్యాద తెలుసు.

ప్రెసిడెంటు నాలోంచి చూశాడు. నా పని నేను చేశాను. మగపక్షి మాను మీద వాలింది. చీలికలోకి పండు అందించింది. లోపలినుంచి ముక్కుకొస వచ్చి అందుకుంది.

"ఓరి నీ! పెళ్ళానికి తినిపిత్తన్నాడయ్యా!"

"మీరెప్పుడైనా పెట్టారాండీ?" అంది ఆయన భార్య.

"నువ్వూ అలా నోరు మూసుకుని తొర్రలో కూచో, రోజూ పెడతాను!"

అందరూ నవ్వారు. కార్యదర్శి చప్పట్లు మొదలుపెట్టాడు. ప్రెసిడెంటుగారు ఏం చేసినా చప్పట్లు కొట్టడం ఆ క్లబ్బులో అలవాటు. అందరూ కొట్టారు. పళ్ళంరాజు కూడా కొట్టాడు.

పక్షి లేచి లోయ దాటి వెళ్ళిపోయింది. ఇంతమంది ఉండగా ఇక రాదన్నాడు గైడు.

తర్వాత క్లబ్బు మగవాళ్ళంతా వరసగా నన్ను పుచ్చుకుని, ఖాళీ మాను చూసి, "ఆహా" అన్నారు. ఆ వరస ముగిసేలోపు వెంకాయమ్మను పిలిచారు. పులిహోర కలిపింది ఆమే కనుక వడ్డించాల్సింది కూడా ఆమేనట. వెళ్ళి వడ్డించింది.

తిరుగుప్రయాణంలో బస్సులో వెనకసీట్లోంచి ఇంకో సభ్యుడి భార్య పార్వతి అడిగింది: "చూశావా వదినా?"

"చూడకేం! ముక్కు మీద ముక్కు. పండు నోటికి అందించే ముందు ఓసారి అటూ ఇటూ చూసింది, ఎవరన్నా నవ్వుతారేమో అన్నట్టు. మా ఆయనే చూపించారు" అంది వెంకాయమ్మ.

పళ్ళంరాజు ముందుసీట్లో ఉన్నాడు. తల తిప్పలేదు. ఆ మాట వినగానే ఆయన గుండె కుదుటపడింది. నాకు తెలుసు. నేను ఆ గుండె మీదే ఉన్నాను. ఎప్పుడు చూశావని ఆ రాత్రి అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. అడిగితే ఆమె ఏం చెబుతుందో ఆయనకూ తెలుసు.

ఆషాఢంలో వెంకాయమ్మ పోయింది.

క్లబ్బులో సంతాపసభ పెట్టారు. పళ్ళంరాజు లేచి, "కోరిన పిట్టని నా చేత్తో చూపించాను. నాకా తృప్తి చాలు" అన్నాడు. అలవాటు చొప్పున ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. ఫ్యాన్లకూ బెంచీలకూ దాతలు పేర్లు రాయిస్తారు కదా, అలాగే నామీద కూడా చెక్కించాడు: "కీ.శే. వెంకాయమ్మ జ్ఞాపకార్థం." అక్షరాలు లోతుగా దించారు. నన్ను క్లబ్బుకు ఇచ్చేశాడు.

మరుసటి ఏడు యాత్రకు నన్ను తీసుకెళ్ళలేదు. పేరున్న వస్తువు, పోతే మాట వస్తుందన్నాడు కార్యదర్శి. అద్దాల బీరువాలో ఉన్నాను. తాళం ప్రెసిడెంటుగారి దగ్గర ఉంటుంది. పళ్ళంరాజు టీకి వచ్చినప్పుడల్లా కొత్తవాళ్ళకు నన్ను వేలితో చూపించి, ఆ కథ చెబుతాడు. ప్రతిసారీ పక్షి ఇంకాస్త దగ్గరికి వస్తోంది.

చెప్పుకోనివ్వండి. నిజం మీకు ఒక్కసారి చెప్పాను. ఇక ఎవరు అడిగినా చెప్పను. ఆయన అడిగినా సరే.