గీత నాది, ఆకాశం వాడిది

నా భార్య శాంతవ్వ పోయిన పదకొండో దినాన మా తమ్ముడు తిరుపతి ఆమె బొమ్మను ఫ్లెక్సీ కొట్టించి వాకిట్లో కట్టాడు. నేను ఎల్లారెడ్డిలో ముప్పై ఏళ్లు బోర్డులు రాసినవాణ్ణి. నా భార్య బొమ్మ నేను వేయాలి. వాడు ఆ పని మిషనుకు ఇచ్చాడు. అది తప్పు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ రోజు నుంచి నాలుగేళ్లు వాడితో మాట్లాడలేదు. మా ఇండ్లు ఎదురెదురుగానే ఉంటాయి. అయినా మాట్లాడలేదు.

అంతకు ముందు ఇద్దరం కలిసే పని చేసేవాళ్లం. గీత నాది, రంగు వాడిది. వాడు బోర్డు మీద నీలం పైనుంచి లాగితే కిందికి వచ్చేసరికి తెలుపులో కలిసిపోయేది. ఎక్కడ కలిసిందో వెతికినా దొరికేది కాదు. తర్వాత ఊళ్లో ఫ్లెక్సీ మిషను పెట్టారు. వాడు ఇండ్లకు రంగులు వేసే పనిలోకి పోయాడు. నేను మిగిలిన బోర్డులేవో రాస్తూ వచ్చాను. ఈ ఏడు అవీ ఆగిపోయాయి. రైస్ మిల్లులో కావలి పని ఉందంటే ఒప్పుకున్నాను. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు.

ఇంకా పన్నెండు రోజులుందనగా కామారెడ్డి నుంచి పద్మలత అనే ఆమె వచ్చింది. స్టేషన్ రోడ్డులో ఫొటో ఫ్రేముల దుకాణం ఆమెది.

"కాకా, బస్టాండు కాడ పాల దుకాణం మీద బర్రె బొమ్మ నువ్వేసిందేనా?"

"నేనే. ఏం తప్పు దొరికింది?"

"తప్పు గాదు, పని ఉంది."

సంచిలోంచి కాగితాలు తీసింది. జపాను వాళ్ల పాత బొమ్మలు. ఒక దాంట్లో చెక్క వంతెన, దాని మీద గొడుగుల కింద వంగి నడుస్తున్న మనుషులు, సన్నటి గీతల వాన. పైన నల్లటి నీలం, నీళ్ల దగ్గరికొచ్చేసరికి తెలుపు.

"ఇవి చెక్కలు చెక్కి అచ్చొత్తిన బొమ్మలట. ఒకడు గీస్తే ఒకడు చెక్కుతడు, ఇంకొకడు రంగేసి అచ్చేస్తడు. హైదరాబాదుల కొందరికి చేత్తోటి ఏసిన నకలు గావాలె."

"ఈడ మా చేతి బొమ్మలన్ని మిషన్ల పాలయినయి. అచ్చు బొమ్మకు చెయ్యి గావాల్నా?"

"గందుకే నీ కాడికొచ్చిన. ఒకటి ఏసి తే. మంచిగుంటె ఏడాది పొడుగూత పని ఉంటది. లేకుంటె మనసుల పెట్టుకోకు."

"నేను అన్నీ మనసులనే పెట్టుకుంట" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

అరుగు మీద ప్లైవుడ్ పలక నిలబెట్టి మొదలుపెట్టాను. వంతెన వచ్చింది. మనుషులు వచ్చారు. ఆకాశం రాలేదు. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ నీలానికీ తెలుపుకూ నడుమ చార నిలబడింది. మూడుసార్లూ తుడిచేశాను. ఆకాశం కుదిరితేనే దాని మీద వాన గీయగలను. ఒకటో తారీఖుకు ఇంకా నాలుగు రోజులే ఉంది. ఊరికే ఉండలేక, అసలు బొమ్మలో మూలన ఎర్ర గడిలో ఉన్న జపాను అక్షరాలు చూసి రాశాను.

వెనక ఎవరో నవ్వారు. తిరుపతి. పనికి పోతూ సైకిల్ ఆపాడు.

"అన్నా, ఆ అక్షరాలకు నీడ పెట్టినవేంది? గదేమన్న కిరాణ దుకాణం బోర్డా?"

చూశాను. నిజంగానే పెట్టాను. ప్రతి అక్షరం కింద, కుడి పక్కకు, పసుపు నీడ. ముప్పై ఏళ్ల అలవాటు. చేయి దానంతటదే వేసింది.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

"నా పనే అది. ఆకాశం."

సైకిల్ గోడకు ఆనించి అరుగెక్కాడు. వెడల్పు బ్రష్ తీసుకున్నాడు. లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. వాడు ఆకాశం చోటంతా పల్చగా తడిపాడు. నీలం పైన ఒక్క పట్టీ వేశాడు. ఆపకుండా కిందికి లాగుతూ, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఒదిన బొమ్మకని నువ్వు ఎనిమిది దినాలు పలక ముందట కూసున్నవ్. ఒక్క గీత పెట్టలే. బొమ్మ ముందట అన్నం పెట్టాలె గదనే. తెల్ల పలక ముందట పెడదుమా?"

"నన్ను అడగాలె."

"మూడుసార్లు అడిగిన. నువ్వు నా దిక్కు సూడలే."

ఆ ఎనిమిది రోజులూ నాకు ఆమె ముఖం గుర్తు రాలేదు. రోజూ చూసిన ముఖమే. గీత పెట్టబోతే ముక్కు ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

వాడు బ్రష్ దించాడు. పలక మీద చార లేదు.

రెండు రోజులు ఆరనిచ్చి వాన గీశాను. అక్షరాల కింద నీడ బ్లేడుతో గీకేశాను. మర్నాడు కామారెడ్డికి పోయే బస్సులో రెండు టికెట్లు తీసుకున్నాను. పద్మలత బొమ్మను దుకాణం బయటికి తెచ్చి ఎండలో పెట్టి చాలాసేపు చూసింది.

"ఆకాశం నువ్వేసింది గాదు, కాకా."

"మా తమ్ముడేసిండు."

"వాన?"

"నాది."

"నాకిద్దరు గావాలె" అని ఇంకో ఐదు బొమ్మలు చేతిలో పెట్టింది. అక్కడి నుంచే మిల్లుకు ఫోన్ చేసి రానని చెప్పాను.

తిరిగి వస్తుంటే లింగంపేట దాటాక తిరుపతి గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, గా ఫ్లెక్సీ సంగతి..."

"ఎత్తకు."

వాడు చేసింది తప్పే. నేను మాఫ్ చేయలేదు, చేయను కూడా. కానీ రేపు పొద్దున వాడు మా అరుగు మీదికి రావాలి. ఐదు ఆకాశాలు వేయాల్సి ఉన్నాయి. వాడి ఫ్లెక్సీ గురించి గానీ నా తెల్ల పలక గురించి గానీ ఇక వాడితోనూ మాట్లాడను, ఎవరితోనూ మాట్లాడను. చెప్పడం ఇదే ఆఖరు.