ఆగితే ఒకటి, పరుగెత్తితే రెండు

ఇంట్లో ఎవరికి రహస్యం ఉన్నా ముంగి దగ్గరికే వచ్చేవారు. పిల్ల పెదవి విప్పదు కాబట్టే ఆ ముద్దుపేరు. ముంగికి చెబితే నూతిలో రాయి వేసినట్టే.

ముందు అమ్మమ్మ వచ్చింది. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడను కుట్టుమిషన్ దగ్గరికి రానివ్వడం లేదు. మర్నాడు డాక్టరు చూసి సరేనంటేనే అమ్మ మిషన్ మీద ముసుగు తీస్తుంది. అందాకా ఆవిడ కాలక్షేపమల్లా, అన్నయ్య గేమింగ్ మానిటర్ మీద ఆడే, తెర ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయే కారు పందేలు చూడటమే.

"ఒసే, మీ అమ్మకు చెప్పనని ఒట్టెయ్యి. వాడి కారు నాకు రెండుగా కనిపిస్తోందే. మసకచీకటిగా కూడా ఉంది. కన్ను మళ్ళీ మొదటికొచ్చింది. ఇక నన్ను సూది పట్టనివ్వరు."

ముంగి ఒట్టేసింది.

ఆరేసిన బట్టలు తీస్తుంటే అన్నయ్య వచ్చాడు.

"ఏయ్, నాకు కార్లు జంటగా కనిపిస్తున్నాయే. ఆటలాడి కళ్ళు పోగొట్టుకున్నానని తెలిస్తే అమ్మ కంప్యూటర్ని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. అమ్మమ్మకైతే అసలు చెప్పకు. ఆవిడకి చెబితే ఊరికి చెప్పినట్టే. ఒట్టెయ్యి!"

ముంగి ఆ ఒట్టూ వేసింది. వచ్చిన నవ్వును కూడా మింగేసింది.

సాయంత్రం ఇద్దరి వెనకా స్టూలు మీద కూర్చుంది. కారు వెళ్ళి గోడకు గుద్దుకుంది.

"గుడ్డివాడిలా ఏం తోలడంరా అది?"

"చూస్తూనే ఉన్నావుగా, ముందే చెప్పొచ్చుగా?"

ఇద్దరూ గతుక్కుమని నోళ్ళు మూసుకున్నారు.

కారు మళ్ళీ బయల్దేరింది. ముంగి కళ్ళు నులుముకుంది. తనకీ రెండు కార్లే! ఇదేమైనా అంటువ్యాధా? అంతలో కారు ఆగింది. ఆగగానే ఒకటే. కదిలితే రెండు. కంటికి జబ్బు చేస్తే, ఆగిన కారు మీద దానికి జాలి ఎందుకు?

అప్పుడు గుర్తొచ్చింది. క్రితం వారం అన్నయ్య మానిటర్‌లో 'మోషన్ బ్లర్ రిడక్షన్' ఆన్ చేసి ఎంత గొప్పలు పోయాడో! తెర వెనక దీపం కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుందట, పరుగెత్తే కారు కూడా అలుక్కుపోకుండా కనిపిస్తుందట.

చెబుదామంటే రెండు ఒట్లు అడ్డం. కారు మళ్ళీ పరుగందుకుంది.

"నేను మూడు అనగానే ఎన్ని కార్లో చెప్పండి," అంది. మిషన్ మాట్లాడినట్టు తిరిగి చూశారిద్దరూ. "ఒకటి, రెండు, మూడు!"

"ఒకటే!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అబద్ధమాడారు.

ముంగి చెవులు ఎర్రబడ్డాయి. "నాకు రెండు," అంది.

"నాకూ రెండే," అన్నయ్య గొణిగాడు.

"నాకూనురా నాయనా!" అమ్మమ్మ గంతేసినంత పని చేసింది.

ముంగి లేచి మానిటర్ కింది మీట నొక్కి ఆ సెట్టింగ్ ఆపేసింది. తెర తెల్లవారినట్టు వెలిగింది. కారు పరుగెత్తినా ఒకటే.

"మన కంప్యూటర్ పాతది కదా," అన్నయ్య తల గోక్కున్నాడు. "కొత్త బొమ్మ వచ్చేలోపే దీపం రెండుసార్లు వెలుగుతోంది. ఒకే బొమ్మ రెండుసార్లు కనబడి..."

"కాస్త అలుక్కుపోతే పోయింది గానీ, నా కన్ను నాకు దక్కింది!" అంది అమ్మమ్మ.

మర్నాడు డాక్టరు సరేనన్నాడు. మిషన్ మీద ముసుగు తొలగింది. అమ్మమ్మ మొట్టమొదట కుట్టింది మానిటర్ మీటలకు చిన్న గుడ్డ తొడుగు.

"ఇది విప్పాలంటే ముంగిని అడగాలి," అంది దారం కొరుకుతూ.

"అది చచ్చినా నోరు విప్పదుగా!" అన్నాడు అన్నయ్య.

"విప్పుతాను," అంది ముంగి.